ఎదురు వైపు కూర్చుని వంచిన తీగ

మొన్నొక ఆదివారం భోజనాలయ్యాక, డిగ్రీ చదివే మా మనవరాలు ల్యాప్‌టాప్ తెచ్చి నా ఒళ్ళో పెట్టి, అవ్వా నువ్వు వయసులో ఉన్నప్పుడు చేసిన పని ఇదేనా అని అడుగుతూ, ఏవో ఇంగ్లీషు అక్షరాలు వరసగా అతికించి ఒక మీట నొక్కింది. నేను కళ్ళద్దాలు తుడుచుకుని పెట్టుకునే లోపల తెర మీద ఒక ప్రోటీను పూర్తి రూపంతో నిలబడి మెల్లగా తిరగసాగింది. చుట్టలూ పోగులూ ముదురు నీలం, వాటిని కలిపే మెలికలు కొన్ని పసుపు, కొన్ని నారింజ. ఆ రంగులేమిటని అడిగితే, ఆ రూపం మిషను ఊహించి గీసిందనీ, దానికి గట్టి నమ్మకం ఉన్నచోట నీలం వేస్తుందనీ, నమ్మకం తగ్గేకొద్దీ పసుపూ నారింజా వేస్తుందనీ చెప్పింది. అంటే మెలికల దగ్గరికొచ్చేసరికి దానికీ కాలు తడబడుతుందన్నమాట. ఆ మాట విని నాకు కలిగిన సంతోషం ఆ పిల్లకు చెప్పలేదు గానీ, మన ఈడువాళ్ళకు చెప్పుకోవడానికేం, ప్రాణం లేచొచ్చింది.

మిషను మీద అసూయపడేవాళ్ళుంటారా అని మీరు నవ్వుకోవచ్చు. ఎవరికెలా ఉన్నా నాకు అసూయ ఇంటి మనిషి. కాఫీ తాగినంత సులువుగా అసూయపడగలను. అది పుట్టి పెరిగింది మాత్రం మా అక్క మీద. మిషను మీద, ఎదురింటివాళ్ళ కరివేపాకు చెట్టు మీద పడేదంతా ఆ పెద్ద అసూయకు పిలకలే.

అక్కంటే సొంత అక్క కాదు, మా పెద్దనాయన కూతురు. పెద్దనాయనకు ఆళ్లగడ్డలో పరుపుల అంగడి ఉండేది, మా నాయన నంద్యాలలో బడిపంతులు. మాది దూదేకుల ఇల్లు. తాతల నాడు విల్లు భుజాన వేసుకుని ఊరూరూ తిరిగి దూది ఏకినవాళ్ళం. మా నాయన చదువు వైపు మళ్ళడంతో నా చేతికి సూదికి బదులు పలక వచ్చింది. అక్కకు రెండూ వచ్చాయి. నా ఏడుపంతా ఆ రెండూ అన్నచోటే మొదలైంది. రంజానుకు మా ఇద్దరికీ ఒకే తానులోంచి గుడ్డ తీసి, ఒకే దర్జీ దగ్గర ఒకే కొలతకు కుట్టించేవారు. తీరా తొడుక్కుని నిలబడితే ఆమెదేదో అంగట్లో వేలాడదీసిన కొత్త గౌనులా ఉండేది, నాది దానికి చుట్టిన పొట్లం గుడ్డలా ఉండేది. సేమ్యాలు తిని పోయే చుట్టాలంతా ఆమె గడ్డం పట్టుకుని మురిసిపోయి, ఆ తర్వాత మర్యాద కోసం నా నెత్తిన చెయ్యి పెట్టేవాళ్ళు.

సెలవులకు ఆళ్లగడ్డ పోతే మిద్దె మీద బొంత పరిచి ఉండేది. బొంత కుట్టడం చూసినవాళ్ళకు తెలుస్తుంది, ఇద్దరు ఆడవాళ్ళు చెరో అంచున ఎదురెదురుగా కూర్చుని, వరస వెంట వరస కుట్టుకుంటూ నడిమికి వస్తారు. మూల మలుపుకు వచ్చినప్పుడు పాటలా ఒకరు కుడికి అంటారు, ఇద్దరూ ఎవరి కుడికి వాళ్ళు తిరుగుతారు. ఎదుటివాళ్ళ కుడి మనకు ఎడమ అవుతుంది కాబట్టి, ఎవరి కుడి వాళ్ళు పట్టుకుంటేనే బొంత చుట్టూ కుట్టు ఒకే తీరుగా తిరుగుతుంది. పెద్దమ్మ ఎప్పుడూ తనకెదురుగా అక్కనే కూర్చోబెట్టుకునేది. నేనూ కూర్చుంటానని పోరుపెడితే ఒకసారి సూది ఇచ్చి, నేను కుట్టిన వరస చూసి, దీంట్లో కోడిపిల్ల దూరతాదమ్మా అని నవ్వి, అంతా విప్పేసింది. ఆ విప్పేసిన దారం అక్క ఉండలా చుట్టి డబ్బాలో పెట్టుకుంది. ఆమెది పొదుపు, నాకేమో పుండు మీద కారం.

సరే, చదువుల్లోనైనా నేను ముందుంటానని నాయన ఆశ, నా ఆశ. అదీ కాలేదు. ఇంటర్ అయ్యాక అక్క నా తరగతిలోనే డిగ్రీ చదవడానికి నంద్యాల వచ్చి మా ఇంట్లోనే దిగింది. నా పుస్తకాలే చదివి, నా దీపం కిందే కూర్చుని, నాకంటే నాలుగు మార్కులు ఎక్కువ తెచ్చుకునేది. మా అమ్మ అయినా నా పక్షం వహిస్తుందనుకుంటే, పరాయి ఇంటి పిల్ల కదా అని మీగడ గడ్డ ఆమె గిన్నెలో వేసేది.

ఇద్దరం ఎమ్మెస్సీ ముగించి నంద్యాలకు తిరిగొచ్చిన రోజుల్లో, అవి ఎనభైల నాటి మాటలు, కాలేజీలో ఒక సారు ఉండేవాడు. పెద్ద ఊళ్ళలో పెద్ద పనులు చేసి, ఎందుకో విసిగి సొంత జిల్లాకు వచ్చిన మనిషి. ఫిజిక్సు లాబు వెనకాల సామాన్ల గది ఖాళీ చేయించి, చిన్న ప్రాజెక్టు ఒకటి తెచ్చుకుని, సహాయానికి మా ఇద్దరినీ తీసుకున్నాడు. ఆయన పని ప్రోటీన్ల మెలికలను వర్గీకరించడం. కష్టమైన పేరే గానీ సంగతి తేలిక. ప్రోటీనంటే గింజలు గుచ్చిన పొడవాటి దండ అనుకోండి. ఆ దండ ఊరికే సాగి ఉండదు, ముడుచుకుని ఒక ఉండలా అవుతుంది. ఆ ఉండలో కొంత భాగం స్ప్రింగులా చుట్ట తిరుగుతుంది, కొంత భాగం చాచిన పోగులా నిటారుగా పోతుంది. ఒక చుట్ట నుంచి ఇంకో చుట్టకో, పోగు నుంచి పోగుకో మళ్ళుకునే చోట ఉండేవే మెలికలు. చుట్టలకూ పోగులకూ పద్ధతి ఉంది, మెలికలకు పద్ధతీ పాడూ లేదు, ఇష్టమొచ్చినట్టు పోతాయి అనేవాళ్ళు అప్పట్లో చాలామంది. సారుకు ఆ మాట గిట్టేది కాదు. ఇష్టమొచ్చినట్టు పోయేది సృష్టిలో ఏదీ లేదని ఆయన నమ్మకం.

ఇప్పటిలాగా ప్రతి బల్ల మీదా కంప్యూటరు ఎక్కడిది? బెంగుళూరు నుంచి అంకెలు అచ్చేసిన కాగితాల కట్టలు పోస్టులో వచ్చేవి. వాటిని చూసి ఇత్తడి తీగను మెలిక ఆకారంలో వంచేవాళ్ళం. వంచడానికి ఒక పరికరం, సారు బొమ్మ గీసిస్తే నంద్యాలలోనే లేతు పనివాడు చేసిపెట్టింది. నిలువుగా నిలబెట్టిన పళ్ళెమంత చక్రం, నడుమ తీగను పట్టే పట్టకారు. ముచ్చటపడి చక్రానికి రెండు వైపులా గీతలు చెక్కాడు ఆ పనివాడు. ఒకరు కాగితం చూసి ఇన్ని గీతలు కుడికి, ఇన్ని ఎడమకు అని చదవాలి, ఇంకొకరు చక్రం తిప్పి తీగ మెలిపెట్టాలి. గోడకు పెద్ద చెక్క, చెక్కకు మేకులు. చుట్టనూ చుట్టనూ కలిపేవి ఒక వరస మేకులకు, పోగునూ పోగునూ కలిపేవి ఇంకో వరసకు, వాటిలో మళ్ళీ పొట్టివి, పొడుగువి. ఒక తీగను ఇంకో తీగ మీద పెట్టి వెలుతురుకు పట్టి చూస్తే రెండూ ఒకటిగా కనిపించాలి. అప్పుడే అవి ఒక మేకుకు చెందినవి. ఏ మేకుకూ చెందనివి బిస్కట్ల డబ్బాలో పడేవి.

ఎవరు చదివేవాళ్ళో, ఎవరు వంచేవాళ్ళో వేరే చెప్పాలా? మొదటి రోజే నేను వంచిన తీగ చూసి సారు నన్ను లేపి అక్కను చక్రం ముందు కూర్చోబెట్టాడు. నేను కాగితం పట్టుకుని చదివే మనిషినయ్యాను. అక్క వంచిన తీగ నూనె రాసినట్టు నున్నగా, ఒక్క గాటు లేకుండా వచ్చేది. అది పట్టుకుని మేకుల ముందు ఒక్క క్షణం నిలబడి, కొలతలు చూడకుండానే సరైన మేకుకు తగిలించేది. నేను తలకిందులుగా పెట్టి, పక్కకు తిప్పి, కొలబద్ద వేసి అవస్థపడుతుంటే, సారు తన కుర్చీలోంచే మీ అక్కను అడగమ్మా అనేవాడు. ఆ మాట ఆయన ఎంత మంచిగా అన్నాడో ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం ఆ మాట అన్నప్పుడల్లా నాకు ఆ చెక్కనూ మేకులనూ అక్కనూ కలిపి కుందూ నదిలో పారేయాలనిపించేది.

ఇక్కడొకటి చెప్పాలి. మొదట్లోనే సారు మాకొక నియమం పెట్టాడు. ఎడమ కాలి చెప్పు కుడి కాలికి ఎలా పట్టదో, ప్రోటీను మెలికలకూ ఒక వాటం ఉంటుంది, అద్దంలో కనబడే తిరగబడ్డ రూపం రాదు, గింజలన్నీ ఒకే వాటానివి కాబట్టి అలాంటి మెలికలో అవి ఇరుకున పడతాయి అని. అందుకని గోడ మీద తిరగబడ్డ రూపాలకు మేకే లేదు. మేకు లేని దాని కోసం వెతికేవాళ్ళూ లేరు.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోయింది. నంద్యాల ఎండ మీకు నేను చెప్పనక్కరలేదు, ఆ గది రేకుల గది. ఫ్యాను ఆగేసరికి అక్క తన ముక్కాలిపీట లాక్కుని కిటికీ గాలి తగిలే వైపుకు, అంటే చక్రానికి అవతలి పక్కకు పోయి నాకెదురుగా కూర్చుంది. ఎప్పుడూ ఇద్దరం ఒకే పక్కన కూర్చునేవాళ్ళం. ఆ పూట మా మధ్య చక్రం, అటు ఆమె, ఇటు నేను, అచ్చం బొంత పరిచినట్టే. నేను కుడికి అని చదివాను. ఆమె తన కుడికి తిప్పింది. చేతులకు చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటు, ఎవరి కుడి వాళ్ళది. ఇంకెవరైనా అయితే ఒక్క క్షణం తడుముకునేవాళ్ళు, నీ కుడా నా కుడా అని అడిగేవాళ్ళు. మేం అడగలేదు. పెద్దమ్మ మిద్దె మీద కుట్టినంత ఒద్దికగా, ఆ మధ్యాహ్నమంతా నేను చదవడం, ఆమె వంచడం, తీగలన్నీ తిరగబడి రావడం.

సాయంత్రం అక్క చేతులు కడుక్కోవడానికి బయటికి పోయింది. నేను ఆ తీగలను ముందేసుకుని కూర్చున్నాను. మీకు నిజం చెబుతున్నాను, నేను రోజూ అలా కూర్చునేదాన్ని. ఆమె వంచినవాటిలో ఎక్కడైనా ఒక్క గాటు, ఒక్క వంకర దొరకదా అని. సారు ఆమె పనిని నమ్మేవాడు కాబట్టి చూసేవాడు కాదు. ఆమె తన చేతిని నమ్మేది కాబట్టి చూసుకునేది కాదు. కళ్ళల్లో వత్తులేసుకుని చూసేదాన్ని నేనొక్కదాన్నే. ఆ రోజు మొదటి తీగ మేకు మీదిదానితో కలవలేదు. రెండోది కలవలేదు. మూడోది పట్టుకున్నప్పుడు సంగతి అర్థమై, నాకు ఒళ్ళంతా చల్లగా హాయిగా అనిపించింది. కరెంటు అప్పటికీ రాలేదు గానీ నాకు ఫ్యాను తిరిగినట్టే ఉంది.

సారు దగ్గరికి పోయి, ఇవన్నీ తిరగబడ్డాయనీ, అక్క ఎదురు పక్క కూర్చుని వంచిందనీ, అక్క వినేలా కొంచెం గట్టిగానే చెప్పాను. సారు చూసి, నిజమే, తీగ దండగైందే అన్నాడు. ఆ క్షణం కోసం నేను గౌన్లు తొడిగే వయసు నుంచి ఎదురు చూస్తున్నాను. అక్క కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, తిరగబడిన తీగ ఒకటి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. మొహం చిన్నబుచ్చుకోవాలి కదా, బుచ్చుకోలేదు. నేరుగా పోయి బిస్కట్ల డబ్బా తెరిచి, ఏ మేకుకూ చేరక పడి ఉన్న తీగల్లో వేళ్ళు పెట్టి కెలికి, ఒకటి బయటికి తీసి, రెండూ కిటికీ వెలుతురుకు పట్టింది.

"తప్పు వంచినా సార్, ఒప్పుకుంటా. మరి ఈ డబ్బాలోదానికి ఇదెట్ల సరిపోతాంది?"

రెండూ ఒకటిగా కనిపించాయి. సారు లేచి నిలబడ్డాడు. ఆ తర్వాత చీకటి పడేదాకా డబ్బాలోవి ఒక్కొక్కటే తీసి పట్టి చూశాం. పోగు ఇటు నుంచి వచ్చి జడపిన్నులా చటుక్కున వెనక్కి మళ్ళే పొట్టి మెలికలు, డబ్బాలో పడి ఉన్నవాటిలో సగానికి పైగా, ఆ తప్పుడు తీగకు అతికినట్టు సరిపోయాయి. రాదనుకున్న రూపం వస్తూనే ఉంది. సారు కాగితాలు ముందేసుకుని వెతికితే, మలుపు దగ్గర చాలావాటిలో గ్లైసిన్ అనే అన్నిటికంటే చిన్న గింజ ఉంది. దానికి పక్క కొమ్మ లేదు కాబట్టి ఇరుకూ లేదు. సారు స్వయంగా సుత్తి తెచ్చి గోడ చెక్కకు కొత్త మేకు కొట్టాడు. తప్పు వంచిన ఆ తీగనే ఆ మేకుకు మొదటి తీగగా అక్క చేత తగిలింపజేశాడు. సుత్తి పట్టుకుని పక్కన నిలబడింది నేను.

చూశారా, ఆమె చేసిన తప్పు కూడా నా ఒప్పుకంటే బాగా వెలిగింది. సారు రాసిన వ్యాసంలో ఆయన పేరు పక్కన అక్క పేరు పడింది. నా పేరు చివర, కృతజ్ఞతల్లో, లేతు పనివాడి పేరు తర్వాత వచ్చింది. వ్యాసం వచ్చిన కొన్నాళ్ళకు, సముద్రాలవతల ఎవరో మాకంటే ముందే ఆ సంగతి కనిపెట్టారని సారుకు తెలిసింది. ఆయన ఆ వ్యాసం ప్రతులన్నీ బీరువా అడుక్కి తోసేశాడు. అక్క మాత్రం, అయితే మనం సరిగ్గానే చూసినట్టు లెక్క కదా సార్ అని తేలిగ్గా అనేసింది. ఆ తేలికతనం ఆమెకెక్కడిదో, నా వాటాకు ఎందుకు రాలేదో, ఇప్పటికీ నాకు అంతుపట్టదు. ప్రాజెక్టు ముగిసి గది ఖాళీ చేసే రోజు, గుర్తుగా ఏం కావాలో తీసుకోండమ్మా అన్నాడు సారు. అక్క ఏమీ అడగలేదు. నేను కొత్త మేకుకు వేలాడుతున్న ఆ మొదటి తీగ తీసి సంచీలో వేసుకున్నాను. అక్క బెంగుళూరుకు పోయి పెద్ద లాబులో చేరి పేరు తెచ్చుకుని, ఉద్యోగం ముగిశాక ఆళ్లగడ్డకే తిరిగొచ్చి స్థిరపడింది. నేను బండి ఆత్మకూరు హైస్కూల్లో సైన్సు టీచరునై, అమీబా బొమ్మలు వేయిస్తూ రిటైరయ్యాను.

ఇదంతా ఎందుకు తవ్వుకున్నానంటే, మనవరాలు ఆ మిషను చూపించిన సాయంత్రమే అక్క ఫోను చేసింది. పాతరోజుల్లో మెలికలను చేత్తో ఎలా వర్గీకరించేవాళ్ళో పిల్లలకు చెప్పమని మన పాత కాలేజీవాళ్ళు పిలిచారట. పిలిచింది ఆమెనే. నేనుండేది నంద్యాలలోనే, ఆటో ఎక్కితే చాలు పోగలను, ఆమె ఆళ్లగడ్డ నుంచి బస్సులో రావాలి, అయినా పిలిచింది ఆమెనే. ఏమే, ఆ తీగ నీ కాడనే ఉండాది గదా, తీసుకరా, పిల్లోల్లకు సూపిద్దాం అంది. వెతకాలి, యాడ పెట్టినానో అన్నాను. బీరువాలో, పెళ్ళి చీర మడతలో ఉంది అది, కళ్ళు మూసుకుని తీయగలను. కాలేజీలో పెట్టుకుంటామని వాళ్ళు అడుగుతున్నారనీ, ఇచ్చేద్దామనీ కూడా అంది. ఇచ్చేద్దామట. నా జీవితంలో అక్క దగ్గర నుంచి నేను గెలుచుకున్నది ఆ ఒక్క తీగ, దాన్ని ఇచ్చేద్దామని ఆమె అంత సులువుగా ఎలా అనగలిగింది? రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. పోకూడదనుకున్నాను. పోకపోతే ఆమె నా గురించి ఏం చెబుతుందో తెలియదు కాబట్టి, తీగను పమిట కొంగులో చుట్టి పెట్టుకుని పోయాను.

ముందు, ల్యాప్‌టాప్ పట్టుకుని నాతో వచ్చిన మా మనవరాలు మిషను చూపించింది. రెప్పపాటు సమయంలో ఒక ప్రోటీను, ఇంకో ప్రోటీను. అక్క కళ్ళు పెద్దవి చేసుకుని, చిన్నపిల్ల సర్కసు చూసినట్టు చూసింది. మనం ఏళ్ళ తరబడి చేసిన పని గాలికి పోయిందే అన్న బాధ ఆ మొహంలో ఆవగింజంత లేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని నాకు నేను చెప్పుకున్నాను, ఆమె బదులు కూడా నేనే మిషను మీద అసూయపడ్డాను. తర్వాత ఆమె లేచి, నా చేతిలోంచి తీగ తీసుకుని, పిల్లలకు ఎత్తి చూపింది. కరెంటు పోవడం, కిటికీ, బొంత, అన్నీ చెప్పింది.

"తప్పు వంచింది నేను. అది తప్పని పట్టుకున్యది మా చెల్లెలు. నా పనిని దాని మాదిరి కండ్లు పెట్టి సూసినోల్లు ఎవురూ లేరు. అది అట్ల సూడకపోతే, ఆ తీగ ఏదో ఒక మేకుకు యాలాడి మాసిపోతాండె."

పిల్లలంతా నా వైపు తిరిగి చప్పట్లు కొట్టారు. నేనెందుకు అలా చూసేదాన్నో అక్కకు తెలుసు, చిన్నప్పటి నుంచీ తెలుసు. తెలిసీ ఆ మాట ఎక్కడా రానీయకుండా, కండ్లు పెట్టి చూసిందని మాత్రం చెప్పింది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళు ఆరకముందే ఇంకో సంగతి తట్టింది, పంచిపెట్టడంలో కూడా ఆమెదే పైచెయ్యి అయిందే అని. పేరంతా తన దగ్గర ఉంది కాబట్టి తీసిచ్చింది. నా దగ్గర ఏముందని నేనివ్వాలి? ఉన్నది ఆ తీగ. కాలేజీవాళ్ళు గాజు పెట్టె కూడా తెచ్చి పెట్టారు. ఇస్తానన్నాను. శాలువాలు, ఫోటోలు, టీలు అయ్యే సందట్లో దాన్ని సంచీలో వేసుకుని ఇంటికి తెచ్చేసుకున్నాను.

మర్నాడు ఆళ్లగడ్డ నుంచి ఫోను వచ్చింది. తీగ కనిపించడం లేదని కాలేజీవాళ్ళు కంగారుపడుతున్నారట. బీరువా వైపు చూస్తూ విన్నాను. ఆ మాట చెప్పి అక్కే, నీ కాడ ఉంటే ఉండనీలేమ్మా, నీ కాడనే అది బాగుంటాది అని, బిర్యానీలోకి బియ్యం ఏ అంగట్లో తెస్తున్నావని వేరే మాటలోకి పోయింది. ఆ ఉండనీలే అన్నంత సులువుగా నేను ఈ వయసుకైనా ఒక్కసారి అనగలనా అని ఫోను పెట్టేశాక చాలాసేపు కుళ్ళుకున్నాను.

ఇప్పుడు మనవరాలి మిషను మెలికలకు పసుపూ నారింజా వేసి, నాకు నమ్మకం లేదు అని ఒప్పుకుని ఊరుకుంటుంది. అది నిజాయితీయే, కాదనను. కానీ మా గదిలో ఒకరు నమ్మకంగా తప్పు వంచేవాళ్ళు, ఇంకొకరు ఆ తప్పు కోసం కడుపుమంటతో కాచుకుని కూర్చునేవాళ్ళు. ఆ రెండింటికీ మధ్య కిటికీ వెలుతురులో ఒక కొత్త మెలిక కనబడింది. ఆ మిషనుకు అక్క ఉండవచ్చు, అంతకంటే పెద్ద అక్కలూ ఉండవచ్చు. దానికెదురుగా కూర్చునే చెల్లెలు మాత్రం లేదు. నిన్న బీరువా తెరిచి, తీగను మళ్ళీ చీర మడతలో పెడుతూ, ఒకసారి కిటికీ వెలుతురుకు పట్టి చూశాను. ఇన్నేళ్ళయినా ఎక్కడా ఒక్క గాటు లేదు.